సారంగధర మూకీ: పద్యం పోయిన చోట

మన సినిమాలను గురించి అభ్యుదయ విమర్శకులు ఇంతకాలంగా రాసినదంతా తిరగేస్తే ఒక విభజన స్థిరంగా కనిపిస్తుంది. పౌరాణిక జానపద చిత్రాలన్నింటినీ ఒక గాటన కట్టి, అవి భూస్వామ్య భావాలను జనం నెత్తిన రుద్దే సరుకు అన్నాం. 1938లో 'మాలపిల్ల', మరుసటి ఏడు 'రైతుబిడ్డ', 'మళ్ళీ పెళ్ళి' వచ్చేసరికి తెల్లవారిందన్నాం. నేనూ ఆ మాట నమ్మినవాణ్ణే. ఏళ్ళ తరబడి తరగతిలో అదే చెబుతూ వచ్చాను. ఈ మధ్య ఒక పాఠం నడుమ బి.ఏ. విద్యార్థిని ఒకామె లేచి, "మళ్ళీ పెళ్ళి తీసిన వై.వి. రావే అంతకు తొమ్మిదేళ్ళ ముందు సారంగధర మూకీ తీశాడు కదండీ, తొమ్మిదేళ్ళలో మనిషి అంతగా మారిపోయాడాండీ?" అని అడిగింది. కాలం మార్చిందమ్మా అని ఏదో చెప్పి దాటవేశాను. దాటవేశానని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు. ఇవ్వబోయేముందు ఒక మాట ఒప్పుకోవాలి: మారవలసింది వై.వి. రావు కాదు, నేను చేసిన విభజన.

యరగుడిపాటి వరదరావు నెల్లూరు మనిషి. నాటకాల నుంచి సినిమాకు వచ్చాడు, ముందు నటుడిగా, తరువాత దర్శకుడిగా. ఆయన 'సారంగధర' 1930 నాటిది. అప్పటికి మద్రాసులో మూకీల నిర్మాణం ఒక పరిశ్రమగా రూపుకడుతున్నది. రఘుపతి వెంకయ్యగారి కుమారుడు సూర్యప్రకాశ్ 1921లోనే 'భీష్మ ప్రతిజ్ఞ' తీసివున్నాడు. మన గోదావరి జిల్లాలో, కాకినాడలో, సి. పుల్లయ్య 'మార్కండేయ' తీశాడు. 1929లో ఎ. నారాయణన్ జనరల్ పిక్చర్స్ కార్పొరేషన్ స్థాపించాడు. మాట లేకపోవడం ఈ పరిశ్రమకు ఒక లోటే గాని, వర్తకానికి అది లాభం కూడా. ఒకే బొమ్మను తెలుగు సీమలోను అరవ సీమలోను ఆడించుకోవచ్చు, మధ్యమధ్య వచ్చే అక్షరాల పలకలు మార్చుకుంటే చాలును. సారంగధర ఇందుకు తగిన కథ. బళ్ళారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభ 1891లో మద్రాసు వెళ్ళి నాటకాలాడితే, అవి చూసిన ఉత్సాహంతోనే పమ్మల్ సంబంధ మొదలియారు తమిళ నాటకరంగంలోకి దిగాడు. ఆయనా తరువాత సారంగధర నాటకం రాశాడు. అంటే ఈ కథకు రెండు భాషలలోను ముందే ప్రేక్షకులు సిద్ధంగా వున్నారు. 1932లో 'భక్త ప్రహ్లాద' మాట్లాడింది, మూకీల పని ముగిసింది. దేశం మొత్తం మీద వెయ్యికి పైగా తీసిన మూకీలలో ఈనాడు చూడడానికి దొరికేవి బహు కొద్ది. దక్షిణాదివి మరీ అరుదు. 1933 నాటి 'మార్తాండవర్మ' వంటిది ఒకటి పుణె భాండాగారానికి చేరి దక్కింది. 'సారంగధర'కు జాబితాలలో పేరు దక్కింది.

కనుక ఆ చిత్రంలోని దృశ్యాలను నేను వర్ణించబోవడం లేదు. చూడని దానిని చూసినట్టు రాసే విమర్శకులు మనకు తక్కువేమీ లేరు, ఆ జాబితాలో చేరే కోరిక నాకు లేదు. నా చేతిలో వున్నవి మూడు: ఆ కథ, మూకీ అనే రూపం, 1930 అనే సంవత్సరం. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే చెప్పుకోదగినది చాలానే వున్నది.

ముందు కథ. రాజమహేంద్రవరం ఏలే రాజరాజనరేంద్రుడికి రత్నాంగి వల్ల పుట్టినవాడు సారంగధరుడు. చిత్రాంగి చిన్నరాణి. రాజు వేటకు పోయిన వేళ కుమారుడి పావురం చిన్నరాణి మేడ మీద వాలింది, దానికోసం అతడు వెళ్ళాడు. ఆమె కోరింది, అతడు కాదన్నాడు. రాజు తిరిగివచ్చాక ఆమె నేరం అతని మీద వేసింది. తండ్రి విచారించకుండా కాళ్ళు చేతులు నరికించాడు. తరువాత ఒక సిద్ధుడు వచ్చి అతణ్ణి బతికించాడని కొందరు, బతకలేదని కొందరు. రాజమండ్రిలో సారంగధర మెట్ట ఈనాటికీ వున్నది.

ఇంతవరకు చెప్పి ఆపితే ఇది ఒక దుష్టస్త్రీ కథ. మనం ఆపుతూనే వచ్చాం. కాని మా ఆత్రేయపురంలో ఒక మామ్మగారున్నారు, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. బోర్లించిన కుండ మీద తడిబట్టతో పిండి లాగి పూతరేకులు తీస్తూనే లోకాభిరామాయణమంతా చెబుతారు. చిన్నతనంలో డేరాలో చూసిన భానుమతి 'సారంగధర' గురించి ఒకసారి నేనే కదిపాను. ఆవిడ చెయ్యి ఆపకుండానే, "ఆ పిల్ల చేసిన తప్పేటండీ మేష్టారూ? కొడుకు బొమ్మ చూపించి సంబంధం ఖాయం చేశారు. పీటల మీదకొచ్చేసరికి ముసలాడు కట్టుకున్నాడు. ముందు ఎవరు మోసం చేశారో అది చెప్పరేం?" అన్నారు. నేను ఎం.ఏ.లో సారంగధర చరిత్ర పాఠ్యంగా చదివినవాణ్ణి. ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

ఆవిడ చెప్పింది కల్పన కాదు. రంగస్థలం మీద, ఆపైన టాకీలలో స్థిరపడ్డ కథలో ఈ అంశం వున్నది. చిత్రాంగి పటం వచ్చింది సారంగధరుడి సంబంధం కోసం. ఆ పటం చూసిన తండ్రి మనసు పడ్డాడు. కత్తిని పంపి పెళ్ళి తంతు జరిపించారు. పిల్ల రాజధానికి వచ్చిన తరువాతగాని తాను ఎవరి భార్యనో తెలుసుకోలేదు. అంటే చిత్రాంగి పరపురుషుణ్ణి కోరిన స్త్రీ అనడానికి ముందు, తనకు మాట ఇచ్చిన వరుణ్ణి పోగొట్టుకున్న స్త్రీ అనవలసి వుంటుంది. ఆమె వేసిన నింద ఘోరమైనదే, దానిని కప్పిపుచ్చనక్కరలేదు. అయితే నరికించే అధికారం ఎవరి చేతిలో వున్నది?

ఇప్పుడు చరిత్ర వైపు చూద్దాం. రాజరాజనరేంద్రుడు 1022 నుంచి 1061 వరకు వేంగిని ఏలిన తూర్పు చాళుక్య రాజు, నన్నయ చేత మహాభారతం తెనిగింపజేసినవాడు. ఆయన రాణి అమ్మంగదేవి, రాజేంద్రచోళుని కూతురు. వారి కుమారుడు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగచోళుడైనాడు. చరిత్రలోని కొడుకు రెండు రాజ్యాలకు వారసుడైతే కథలోని కొడుకు కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నాడు. ఇంతకన్న విడ్డూరం, ఈ కథ మొదట ఆ రాజుది కానేకాదు. 15వ శతాబ్దిలో గౌరన 'నవనాథ చరిత్ర'లో చెప్పినప్పుడు ఇది నాథ సిద్ధుల కథ. కాళ్ళు చేతులు తిరిగి పొందిన రాకుమారుడు చౌరంగి అనే సిద్ధుడౌతాడు. అందులో తండ్రి మాళవ దేశపు రాజమహేంద్రుడు. పంజాబులో పూరన్ భగత్ కథ, బౌద్ధులలో అశోకుని కొడుకు కుణాలుని కథ, గ్రీకులలో హిప్పొలిటస్ కథ, ఇవన్నీ దీని చుట్టాలే. పేరులోని పోలికను పట్టుకుని జనం దీనిని మన రాజమహేంద్రవరానికి తెచ్చి రాజరాజుకు అంటగట్టారు.

పండితులు ఇక్కడ ఆగిపోతారు. చారిత్రకం కాదని తేల్చి, ఆదికవి పోషకుని మీది అపవాదు తుడిచేశామని తృప్తి పడతారు. నా కుతూహలం ఇక్కడే మొదలౌతుంది. తెలుగు కావ్యలోకం ఏ రాజును పద్యంలో ప్రతిష్ఠించిందో సరిగ్గా ఆ రాజునే జనం ఎందుకు ఎంచుకున్నారు? పేరు కలిసింది నిజమే. కాని పేరు కలిసినంత మాత్రాన కొడుకును నరికించినవాడనే మచ్చ శతాబ్దాలు నిలవదు, ఆ ఊళ్ళో ఒక మెట్టకు పేరై కూర్చోదు. రాజాస్థానం ఒక రాజరాజును మిగిల్చింది, ఊరు మరొకణ్ణి మిగుల్చుకుంది. పైగా చూడండి, నన్నయ ఆ రాజుకు వినిపించిన ఆదిపర్వంలోనే యయాతి వున్నాడు, కొడుకు యౌవనాన్ని అడిగి పుచ్చుకున్నవాడు. శంతనుడున్నాడు, అతని ముసలితనపు పెళ్ళికోసం కొడుకు జన్మంతా బ్రహ్మచారి కావలసివచ్చింది. కావ్యం ఈ కొడుకులను త్యాగమూర్తులను చేసి పొగిడింది. సారంగధర కథలో జనం అదే ముడిని మరో వైపు నుంచి పట్టుకున్నారు: కొడుకు వంతును తండ్రి తినడం త్యాగకథ కాదు, నెత్తుటి కథ.

అయితే ఈ కథను రాసినవారు జనం కాదు, కవులు. తంజావూరులో రఘునాథనాయకుని ఆస్థానంలో చేమకూర వెంకటకవి చేతిలో ఇది శృంగారానికి ఆధారమైంది. కొడుకు నీతి, సవతితల్లి మోహం, ఇరువురి వాదం, చమత్కారం! చదువుతూవుంటే తండ్రి చేసినది మనకు గుర్తే రాదు. వెంకటకవి పద్యం ఎంత గొప్పదో నేను కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ గొప్పదనమే ఇక్కడ పని చెడగొట్టిందంటున్నాను. ధర్మవరంవారు 'విషాద సారంగధర'తో ఒక పెద్ద అడుగు వేశారు. నాటకం మంగళాంతంగా వుండాలనే సంస్కృత మర్యాదను తెంచి, సిద్ధుని మహిమతో కన్నీళ్ళు తుడవకుండా విషాదంతోనే తెర దించారు. కాని ఆ నాటకమూ పద్యం మీదనే నడిచింది. రాజుకు ఆగ్రహం వచ్చినా పద్యంలోనే వస్తుంది. రాగం తీసి, చెయ్యి ఎత్తి, పాదం చివర గమకం వేసేసరికి నాటకశాల అంతా 'వన్స్ మోర్' అంటుంది. కొడుకు కాళ్ళు చేతులు నరకమనే ఆజ్ఞకు రెండోసారి అడిగి చప్పట్లు కొట్టే ప్రేక్షకులు మనం! దీనికి నటులను తప్పుపట్టి లాభం లేదు. పద్యం రాజును నిలబెడుతుంది. ఏం చేసినా సరే, అంత బాగా చెప్పినవాడు నీచుడు కాడనిపిస్తుంది.

1930లో వచ్చిన మూకీ చేసిన పని, ఆ పద్యాన్ని తీసివేయడం. కావాలని తీసింది కాదు, యంత్రానికి నోరు లేక తీసింది. అయినా ఫలితం ఫలితమే.

ఈ కథలో ఏవి కంటికి కనిపించేవి, ఏవి చెవికి వినిపించేవి అని లెక్క వేసుకుని చూడండి. పటం కంటికి కనిపిస్తుంది. వరుడికి బదులు వచ్చిన కత్తి కంటికి కనిపిస్తుంది. తండ్రి నెరసిన జుట్టు, కొడుకు వయసు, ఆ పిల్ల వయసు కనిపిస్తాయి. ఎగిరిపోయే పావురం కనిపిస్తుంది, మేడ ఎక్కే మెట్లు కనిపిస్తాయి, కొంగు పట్టడం విదిలించుకోవడం కనిపిస్తాయి. నరికే కత్తి సరేసరి. కనిపించనిదల్లా ఒక్కటే, చిత్రాంగి రాజుతో చెప్పే అబద్ధం. అది మాటలో మాత్రమే వున్నది. కథలోని నిజమంతా బొమ్మ వైపున, అబద్ధం మాట వైపున వుండే ఇటువంటి కథలు అరుదు. మూకీలో ఆ అబద్ధం అక్షరాల పలక మీద రాయవలసిందే. జరిగినది కళ్ళారా చూసిన ప్రేక్షకుడికి, చదువు రానివాడికి సైతం, రాజు ఏదో విని నమ్మాడని తెలుస్తుంది. ఒక్కసారి కొడుకు ముఖం చూసి ప్రశ్నించి వుంటే చాలునని కూడా తెలుస్తుంది. రాగం లేని రాజు ముసలి భర్త మాత్రమే. అనుమానం, అహంకారం, చేతికింద తలారులు వున్న ముసలి భర్త.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది న్యాయమైనదే. మూకీ ఆడిన శాల మూగది కాదు. తెర పక్కన నిలబడి కథ చెప్పే వ్యాఖ్యాత వుండేవాడు, హార్మోనియం తబలా వుండేవి, చదువు వచ్చినవారు పలకలను పైకి చదివి వినిపించేవారు. ఆ వ్యాఖ్యాత "చూశారా, ఆడదాని బుద్ధి!" అంటే సరి, బొమ్మ చూపిన నిజం ఆ కేకలో కొట్టుకుపోతుంది. నేను కాదనను. బొమ్మ ఎవరిదైనా గొంతు పురుషుడిది, అందులోను అక్షరం వచ్చినవాడిది. కాని ఒక తేడా వున్నది. నాటకంలో రాజు గొంతూ కవి గొంతూ ఒకటైపోయి ప్రేక్షకుడికి ఎడం దొరకదు. మూకీలో బొమ్మ ఒకచోట, వ్యాఖ్యానం మరొకచోట. వ్యాఖ్యానం నచ్చకపోతే బొమ్మను నమ్ముకునే వీలు కింద నేల మీద కూర్చున్న మనిషికి మిగిలేవుంటుంది. మా మామ్మగారు టాకీ కాలంలో కూడా ఆ వీలునే వాడుకున్నారు. 1957 నాటి చిత్రంలో ఎన్.టి. రామారావు సారంగధరుడు, ఎస్.వి. రంగారావు రాజరాజు, భానుమతి చిత్రాంగి. ఘంటసాలవారి సంగీతం, పద్యాలు అన్నీ వున్నాయి. అంతమంది గొంతుల మధ్య ఆవిడ గుర్తుంచుకున్నది పటం మార్పిడి!

ఇక సంవత్సరం. 1929లో చేసిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆడపిల్లకు పధ్నాలుగు, మగపిల్లవాడికి పద్ధెనిమిది నిండనిదే పెళ్ళి చేయరాదన్నది దాని సారాంశం. చట్టం అమలు తేదీ రాకముందే పెళ్ళిళ్ళు చేసేయాలని దేశమంతటా ఎంత ఆత్రం చూపారో పెద్దలు చెప్పగా విన్నవారు ఈ పాఠకులలో వుండే వుంటారు. ముసలి మగడు, పసి పెళ్ళాం అన్నది ఆనాడు పురాణం కాదు, వీధిలో కనిపించే సంగతి. కథ జరిగిన ఊరే చూడండి. 1881 డిసెంబరు 11న వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించింది ఆ రాజమండ్రిలోనే. కాటికి కాళ్ళు చాచిన పెద్దయ్యగారి పెళ్ళి తంతును 'బ్రాహ్మవివాహం' ప్రహసనంలో చీల్చి చెండాడినదీ ఆయనే. గురజాడ సంగతి మరీ విచిత్రం. 1883లో, ఇరవయ్యొక్క ఏళ్ళ వయసులో, ఆయన సారంగధర కథనే ఇంగ్లీషు కావ్యంగా రాశాడు. కలకత్తాలో శంభుచంద్ర ముఖర్జీ దానిని తన 'రీస్ అండ్ రయ్యత్'లో తిరిగి ప్రకటించి, సొంత భాషలో రాయమని సలహా చెప్పాడు. తొమ్మిదేళ్ళ తరువాత 1892లో అదే చేతినుంచి వచ్చి రంగమెక్కిన 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లు కూర్చుని వున్నాడు. రాజరాజు కిరీటం తీసి అంగవస్త్రం కప్పితే లుబ్ధావధాన్లు కాడా? మన గురజాడ పరిశోధకులు ఈ రెండు రచనలనూ రెండు వేరు అధ్యాయాలలో పెడుతూ వచ్చారు. ఇంగ్లీషు కావ్యాన్ని కుర్రతనపు ప్రయోగమని రెండు వాక్యాలలో ముగిస్తారు. నాకైతే ఆ రెంటి మధ్య ఒకే ప్రశ్న నడిచిందనిపిస్తుంది.

వై.వి. రావు విషయంలోనూ సరిగ్గా తొమ్మిదేళ్ళే కావడం కాకతాళీయం. 1939లో ఆయన తీసిన 'మళ్ళీ పెళ్ళి' ఏమిటి? జనార్దనరావు పంతులు పసికూతురు లలితను ముసలివాడికి కట్టబెడతాడు. అతడు చస్తాడు. బొట్టు తుడిచిన పిల్ల పెద్దదై ఒక యువకుణ్ణి ప్రేమిస్తుంది. లలితగా కాంచనమాల, ఆ యువకుడుగా వై.వి. రావే వేశారు. చిత్రాంగి కథను తలకిందులుగా నిలబెట్టి చూడండి, ఇది ఎంత దూరంలో వున్నది? ముసలి భర్త వున్నాడు, వయసుకు తగిన వరుడు వున్నాడు, తన ఇష్టం ఎవరూ అడగని ఆడపిల్ల వున్నది. ఒక చిత్రంలో ముసలివాడు బతికి రాజై వుండడంతో యువకుడి చేతులు తెగాయి. మరొక చిత్రంలో ముసలివాడు ముందే పోవడంతో యువకుడికి ఆ చేతులతో తాళి కట్టే వీలు చిక్కింది. ఇంత మాత్రాన వై.వి. రావు 1930లోనే సంఘసంస్కర్త అని నేననడం లేదు. ఆయన జనాకర్షణ తెలిసిన సినిమా మనిషి. జనం దేనికి వస్తారో పసిగట్టి తీశాడు. జనాన్ని ఏ గాయం బాధిస్తున్నదో దానిచుట్టూనే జనాకర్షణ కూడా వుంటుందన్న సంగతిని మన సిద్ధాంతం పట్టించుకోలేదు.

'భీష్మ ప్రతిజ్ఞ' 1921లో వచ్చినప్పుడు తండ్రికోసం యౌవనం వదులుకున్న కొడుకు నాయకుడు. 1930 'సారంగధర'లో తండ్రివల్ల అవయవాలు పోగొట్టుకున్న కొడుకు నాయకుడు. 1939కి పసిపిల్లను ముసలివాడికిచ్చిన తండ్రే ముద్దాయి. మొదటి రెండింటినీ చెత్తబుట్టలో వేసి మూడవదానికి దండ వేయడం నేను ఇంతకాలం చేసిన విమర్శ. కాని మూడవదానిలోని ప్రేక్షకులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మొదటి రెండింటినీ చూసినవారే వచ్చి దీనినీ చూశారు. వారికి ముసలి రాజుల మీద అప్పటికే అనుమానం వున్నది.

రాజమండ్రిలో నిడమర్తి సూరయ్యగారి దుర్గా సినీటోను 1936లో తలుపులు తెరిచింది. ఆంధ్రదేశంలో మొదటి స్టూడియో అది. సారంగధర మెట్టకు కూతవేటు దూరమనదగిన చోట కెమెరాలు వున్నా, మరుసటి ఏడు పి. పుల్లయ్య తీసిన టాకీ 'సారంగధర' పద్యాన్ని తిరిగి తెచ్చి సింహాసనం ఎక్కించింది. ఆ పద్యాలు జనం పాడుకున్నారు. తప్పని అనను. నాకూ నోటికి వచ్చినవి కొన్ని వున్నాయి; ఆత్రేయపురం నుంచి బొబ్బర్లంక మీదుగా ఆనకట్ట దాటి రాజమండ్రి పోయేటప్పుడు, ఎవరూ వినకపోతే, ఒకటి అందుకుంటాను.

ఆ విద్యార్థినికి ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి వినిపించాను. అంతా విని, "మరి రత్నాంగి మాటేమిటండీ? మొగుడు రెండో పెళ్ళి చేసుకున్నాడు, కొడుకు చేతులు నరికించాడు. ఆవిడ గురించి మీరూ ఒక్క ముక్క రాయలేదు" అన్నది. నిజమే, రాయలేదు. గౌరన నుంచి 1957 దాకా పెద్దరాణి చేత ఎవరెవరు ఏమేం మాట్లాడించారో వెతికి రాయమని ఆమెకే అప్పగించాను. వచ్చే నెల తెస్తానన్నది.